పిర్రలో పోటు, కాల్లో లాగుడు: పిరిఫార్మిస్ కండరంపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి మాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే నొప్పి గురించి. పిర్ర లోపల లోతుగా మొదలై, తొడ వెనక నుంచి కిందికి దిగే నొప్పి. కొందరు దాన్ని సయాటికా అన్నారు, కొందరికి మందుల చీటీ మీద పిరిఫార్మిస్ సిండ్రోమ్ అని రాసిచ్చారు. ఉత్తరాలను కాస్త కుదించి ఇస్తున్నాం. జవాబులు మా ఫిజియోథెరపీ, ఎముకల వైద్య నిపుణులవి.

నాకు 34 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అరగంట కూర్చుంటే చాలు, కుడి పిర్రలో పోటు మొదలై తొడ వెనకాల మోకాలి దాకా లాగుతుంది. లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది. ఎంఆర్‌ఐలో ఎల్4–ఎల్5 దగ్గర డిస్క్ ఉబ్బిందని వచ్చింది. ఒక డాక్టరు గారు డిస్క్ అన్నారు, ఇంకొకరు పిరిఫార్మిస్ అన్నారు. ఏది నిజం?
– ఒక పాఠకుడు, కొండాపూర్

ముందు ఆ కండరం ఎక్కడుందో చూద్దాం. నడుము కింద, పిర్రల చీలిక పైన చేత్తో తడిమితే పలకలాంటి ఎముక తగులుతుంది. అది త్రికాస్థి. దాని లోపలి వైపు నుంచి పిరిఫార్మిస్ మొదలై, అడ్డంగా బయటికి వచ్చి, తొడ ఎముక పైకొసన ఉన్న బుడిపెకు అతుక్కుంటుంది. బేరిపండు ఆకారంలో ఉంటుందని లాటిన్‌లో ఆ పేరు పెట్టారు. నిలబడి ఉన్నప్పుడు తొడను బయటికి తిప్పడం, కూర్చుని ఉన్నప్పుడు మోకాలిని పక్కకు జరపడం దాని పని. నడుము నుంచి కాల్లోకి దిగే, వేలెడు మందం ఉండే సయాటిక్ నరం ఎక్కువమందిలో ఈ కండరం కింది అంచు నుంచి బయటికి వస్తుంది. ఆ నరం దారి వెంట వచ్చే నొప్పినే సయాటికా అంటారు. కొందరిలో నరం రెండు పాయలై, ఒక పాయ కండరాన్ని చీల్చుకుని వస్తుంది.

'మీ నరం కండరం మధ్య నుంచి పోతోంది, అందుకే ఈ నొప్పి' అని ఎవరైనా చెబితే కంగారు పడకండి. 2010లో వెలువడిన ఒక పెద్ద సమీక్షలో, శవ పరీక్షల్లో చూసినప్పుడు ఇలాంటి తేడాలు సుమారు 17 శాతం మందిలో కనిపించాయి. పిరిఫార్మిస్‌కు సర్జరీ చేయించుకున్న వాళ్లలో కూడా లెక్క దాదాపు అంతే. అంటే నరం దారి మారడమే జబ్బుకు మూలమని చెప్పలేం.

ఇక మీ ఎంఆర్‌ఐ. డిస్క్ అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త. ఎల్4–ఎల్5 అంటే నడుములోని నాలుగో, ఐదో పూసల మధ్య చోటు. నొప్పే లేని వాళ్ల వెన్నెముక స్కాన్లను 2015లో ఒకచోట చేర్చి చూశారు. 20 ఏళ్ల వయసువారిలోనే సుమారు 30 శాతం మందికి డిస్క్ ఉబ్బు ఉంది. 80 ఏళ్లకు అది 84 శాతం. కాబట్టి రిపోర్టులో ఆ మాట ఉన్నంత మాత్రాన మీ నొప్పికి డిస్కే కారణమని తేలిపోదు. కాదని కూడా తేలదు. ఇక్కడ నొప్పి నడవడికను చూడాలి, ఒంటిని చూడాలి.

డిస్క్ నరాన్ని నొక్కితే నొప్పి సాధారణంగా నడుము దగ్గర మొదలవుతుంది. మోకాలు దాటి పిక్క, పాదం దాకా దిగుతుంది. దగ్గినా తుమ్మినా జివ్వుమంటుంది. ముందుకు వంగితే పెరుగుతుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు ఎవరైనా మీ కాలిని మోకాలు మడవకుండా పైకెత్తితే, 30 నుంచి 70 డిగ్రీల మధ్య మోకాలి కిందికి కరెంటులా పాకుతుంది. బాగున్న కాలిని ఎత్తినా రెండో వైపు నొప్పి పుడితే డిస్క్ అనుమానం బాగా బలపడుతుంది. మడమల మీద నడవలేకపోయినా, ఒంటికాలి మునివేళ్ల మీద లేవలేకపోయినా నరం మూలంలో ఒత్తిడి ఉందేమో వెంటనే చూపించుకోవాలి. పిరిఫార్మిస్ వల్ల ఇంత స్పష్టమైన బలహీనత రావడం అరుదు.

పిరిఫార్మిస్ నొప్పి తీరు వేరు. అది పిర్ర మధ్యలోనే కేంద్రంగా ఉంటుంది. కూర్చుంటే పెరిగి, లేస్తే తగ్గుతుంది. ఇంట్లో ఒకసారి ఇలా చూడండి. నిలబడి తుంటి పక్కన అరచేయి ఆనించి, పాదాన్ని లోపలికీ బయటికీ తిప్పండి. చేతి కింద గుండ్రంగా కదిలే ఎముక బుడిపె తగులుతుంది. ఆ బుడిపె పైకొస నుంచి త్రికాస్థి పక్క అంచు దాకా ఒక గీత ఊహించుకుని, దాని మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కండి. మీకు రోజూ వచ్చే అదే నొప్పి అక్కడ రేగుతోందా? ఏదో ఒక నొప్పి కాదు, అదే నొప్పి. నొక్కితే ఎవరికైనా కాస్త సలుపుతుంది, అది లెక్కలోకి రాదు. తర్వాత నొప్పి ఉన్న కాలు పైకి వచ్చేలా పక్కకు ఒత్తిగిలి పడుకోండి. ఆ మోకాలిని మడిచి ముందుకు తెచ్చి పరుపు మీద ఆనించండి. అక్కడి నుంచి మోకాలిని మూడు, నాలుగు అంగుళాలు పైకి లేపి పట్టుకోండి. పిర్ర లోతులో అదే నొప్పి పుడితే పిరిఫార్మిస్ వైపు మొగ్గు.

ఏ ఒక్క పరీక్షా ఖాయం చేయలేదు. ఈ జబ్బుకు తిరుగులేని పరీక్ష ఇప్పటికీ లేదు. డిస్క్, త్రికాస్థి పక్క కీలు, తుంటి కీలు, తొడ వెనక కండరాల మూలం, ఇవన్నీ కావని చూశాకే పిరిఫార్మిస్ అనాలి. సయాటికాకూ ఈ కండరానికీ సంబంధం ఉందని 1928లోనే యోమన్ అనే వైద్యుడు రాశాడు. 1947లో రాబిన్సన్ అనే వైద్యుడు పిరిఫార్మిస్ సిండ్రోమ్ అని పేరు పెట్టాడు. నేటికీ వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. అక్కడ నరాన్ని ఇబ్బంది పెట్టేవి వేరే కండరాలూ, పీచు పట్టీలూ ఉన్నాయని తేలాక చాలామంది నిపుణులు 'డీప్ గ్లూటియల్ సిండ్రోమ్' (పిర్ర లోతులో నరం ఇబ్బంది) అనే విశాలమైన పేరునే ఇష్టపడుతున్నారు. మీ ఇద్దరు డాక్టర్లు చెరో మాట చెప్పడానికి కారణం ఇదే. మీ ఉత్తరంలో నడుము నొప్పి మాట లేదు, నొప్పి మోకాలు దాటలేదు, లేస్తే తగ్గుతోంది. మొగ్గు పిర్ర వైపే. కాళ్లలో బలం సరిగ్గా ఉందని ఒకసారి చూపించుకుని, ఆరు వారాలు వ్యాయామం, కూర్చునే తీరులో మార్పు ప్రయత్నించడం న్యాయం.

ఒక్క హెచ్చరిక మాత్రం అందరికీ. మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ, తొడల సందుల్లో స్పర్శ పోయినా, రెండు కాళ్లూ ఒకేసారి బలహీనపడినా, పాదం ఈడుస్తున్నా ఆ రోజే, ఆ గంటే ఆస్పత్రికి వెళ్లాలి. జ్వరంతో కలిసిన నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, కిందపడ్డాక మొదలైన నొప్పి, రాత్రి ఏ వైపు తిరిగినా తగ్గని నొప్పి కూడా ఇంట్లో వ్యాయామంతో చూసుకునేవి కావు.

టీచరుగా చేస్తున్నాను, 41 ఏళ్లు. పిరిఫార్మిస్ అని ఫిజియో గారు తేల్చారు. వీడియోలు చూసి రోజుకు పది పన్నెండుసార్లు స్ట్రెచింగ్ చేస్తున్నాను, టెన్నిస్ బంతి మీద కూర్చుంటున్నాను. మొదటి వారం హాయిగా అనిపించింది. ఇప్పుడు కాల్లో తిమ్మిరి కూడా తోడైంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
– ఒక పాఠకురాలు, తెనాలి

అమ్మా, మీరు శ్రద్ధగా చేయడమే ఇక్కడ ఇబ్బంది తెచ్చింది. చిరాకుపడి ఉన్న నరాన్ని రోజుకు పన్నెండుసార్లు లాగి, ఆపైన గట్టి బంతితో నొక్కితే అది ఇంకా రేగుతుంది. సాగదీసిన వెంటనే వచ్చే హాయి కొద్దిసేపటిది. అది తగ్గగానే మళ్లీ సాగదీయాలనిపిస్తుంది, ఆ చక్రం ఆగదు. చాలామందిలో ఈ కండరం పొట్టిగా ఏమీ ఉండదు. పిర్రలోని పెద్ద కండరాలు బలహీనంగా ఉండి, వాటి పనిని చిన్న కండరం మోయాల్సి రావడంతో బిగుసుకుంటుంది. బరువు మోసి అలసిన మనిషిని లాగితే ఏం లాభం? తోడు మోసేవాళ్లను ఇవ్వాలి.

ముందుగా మూడు రోజులు బంతి పక్కన పెట్టండి, స్ట్రెచింగ్ పూర్తిగా ఆపండి. నడవండి, పదేసి నిమిషాలు రోజుకు మూడు నాలుగుసార్లు. పిర్ర మీద వేడినీళ్ల సంచితో 15 నిమిషాల కాపడం పెట్టుకోవచ్చు. సంచికీ చర్మానికీ మధ్య తువ్వాలు వేయండి. స్పర్శ తగ్గినచోట వేడి పెట్టకండి, కాలినా తెలియదు.

తిమ్మిరి నెమ్మదించాక స్ట్రెచింగ్ రోజుకు రెండుసార్లు చాలు. వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్లూ మడవండి. నొప్పి ఉన్న కాలి చీలమండను రెండో కాలి తొడ మీద, మోకాలికి కాస్త పైన ఆనించండి. ఇప్పుడు ఆ రెండో తొడ వెనక చేతులు కలిపి మెల్లగా ఛాతీ వైపు తెచ్చుకోండి. చేతులు అందకపోతే తొడ వెనక తువ్వాలు వేసి రెండు కొసలూ పట్టుకోండి. 20 నుంచి 30 సెకన్లు, మూడుసార్లు. ఇందులో ఎక్కువగా జరిగే పొరపాటు, కాలిని దగ్గరికి లాగే హడావిడిలో త్రికాస్థి నేల మీది నుంచి లేచిపోవడం. అప్పుడు నడుము వంగుతుంది, పిర్ర సాగదు. త్రికాస్థి నేలకు అంటి ఉన్నంత వరకే తెచ్చుకోండి. పిర్రలో లాగుతున్నట్టు ఉండాలి, పదికి మూడు మించకుండా. కాల్లోకి తిమ్మిరి పాకితే అక్కడికే వెనక్కి తగ్గండి. గజ్జల్లో పట్టేసినట్టుంటే ఈ భంగిమ మీకు పడదు, తుంటి కీలును చూపించుకోవాలి.

ఇక బలం. మొదట బ్రిడ్జితో మొదలుపెట్టడం మేలు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, మడమలు పిర్రలకు ఒక జానెడు దూరంలో ఉంచండి. పిర్రలు బిగించి నడుము లేపండి, భుజం నుంచి మోకాలి దాకా ఒకే వాలు వచ్చేలా. ఐదు సెకన్లు ఆగి నెమ్మదిగా దించండి. పదిసార్లు, ఒక నిమిషం ఆగి మళ్లీ పదిసార్లు. తొడ వెనక పట్టేస్తోందంటే మడమలు దూరంగా ఉన్నాయని అర్థం, దగ్గరికి జరపండి. నడుము నొస్తోందంటే మరీ పైకి లేపుతున్నారు.

రెండు వారాలకు ఇది తేలికైతే పక్కకు కాలు ఎత్తే వ్యాయామం చేర్చండి. నొప్పి లేని వైపు ఒత్తిగిలి, వీపు గోడకు ఆనేలా పడుకోండి. కింది మోకాలు మడవండి. పైకాలు చాపి, మడమను గోడకు రాస్తూ ఒక అడుగు ఎత్తు లేపి దించండి. గోడ ఎందుకంటే, అది లేకపోతే కాలు మనకు తెలియకుండానే ముందుకు జారుతుంది. కాలివేళ్లు పైకప్పు వైపు తిరుగుతాయి. అప్పుడు పని తుంటి ముందు కండరం లాక్కుంటుంది, పిర్రకు ఏమీ అందదు. వేళ్లు ఎదురుగా చూడాలి. పదిసార్లు, రెండు విడతలు, రోజు విడిచి రోజు. అదే పడకలో మోకాళ్లు మడిచి, మడమలు కలిపి ఉంచి, పై మోకాలిని మాత్రమే తెరిచే వ్యాయామం వీడియోల్లో మొదటే చూపిస్తారు. అందులో పిరిఫార్మిస్ నేరుగా పనిచేస్తుంది కాబట్టి, నొప్పి రేగి ఉన్న రోజుల్లో వద్దు. మూడో నాలుగో వారంలో చేర్చండి, 12 సార్లు ఇబ్బంది లేకుండా వస్తే తొడల చుట్టూ రబ్బరు బ్యాండ్ వేయండి.

తిమ్మిరికి నరాన్ని జార్చే కదలిక ఒకటి ఉంది. కుర్చీ అంచున నిటారుగా కూర్చోండి. మోకాలిని చాపుతూ అదే సమయంలో తల పైకెత్తండి, మోకాలు మడుస్తూ తల దించండి. ఆగకుండా, ఊయల ఊగినట్టు పదిసార్లు, రోజుకు రెండు విడతలు. చాపిన చోట పట్టి ఉంచడం ఇక్కడ తప్పు.

బంతి వాడాలనిపిస్తే నేల మీద కూర్చుని కాదు, గోడకూ పిర్రకూ మధ్య పెట్టి నిలబడండి. ఒత్తిడి ఎంతుండాలో మీ చేతిలో ఉంటుంది. నొప్పి ఉన్న కండ మీద 60 నుంచి 90 సెకన్లు, అంతే. కాల్లోకి జివ్వుమంటే బంతి నరం మీద ఉంది, ఒక అంగుళం బయటికి జరపండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు బంతి వద్దు.

ఎంత చేయాలో మర్నాటి పొద్దున్నే చెబుతుంది. నిద్ర లేచేసరికి నొప్పి నిన్నటికంటే ఎక్కువుంటే ఆ రోజు సగానికి తగ్గించండి. అలాగే ఉంటే కొనసాగించండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. రెండో వారంలో మానేసేవాళ్లే ఎక్కువ.

ఆటో నడుపుత. పదేండ్ల సంది అదే పని. కుడి పిర్ర మంట మండుతది, రాత్రికి కాలు బరువెక్కుతది. పని బంద్ చేసే తాకత్ లేదు. ఏం చేయాలె?
– ఒక పాఠకుడు, వరంగల్

పని మానమని చెప్పం, కూర్చునే తీరు మార్చుకుందాం. మొదట ప్యాంటు వెనక జేబు ఖాళీ చేయండి. పర్సు, చిల్లర, లైసెన్సు కవరు ఏదున్నా రోజంతా సరిగ్గా సయాటిక్ నరం మీదే మోపు పెడతాయి. ఒక పిర్ర ఎత్తై నడుము కూడా వంకర పోతుంది. పర్సు చొక్కా జేబులోకో, హ్యాండిల్ పక్కన డబ్బాలోకో మార్చండి. ఖర్చు లేని వైద్యం ఇది.

రెండోది, ముందు సీటులో పక్కన ఇంకొకరిని ఎక్కించుకుంటే మీరు సీటు అంచున ఒంటి పిర్ర మీద, పక్కకు తిరిగి కూర్చోవాల్సి వస్తుంది. ఆ భంగిమలో భారమంతా ఒక్క వైపే పడుతుంది. ఎక్కించుకోవడం ఎలాగూ నిబంధనలకు విరుద్ధం, మీ పిర్రకు కూడా మంచిది కాదు. మూడోది సీటు. ఏళ్ల తరబడి వాడిన స్పాంజి మధ్యలో గుంత పడుతుంది, మోకాళ్లు తుంటి కంటే పైకి లేస్తాయి. రెండు అంగుళాల గట్టి ఫోమ్ ముక్క కోయించి వేసుకోండి. మెత్తటి దిండు పనికిరాదు, నిమిషంలో అణిగిపోతుంది. కూర్చున్నాక మోకాళ్లు తుంటి కంటే ఒక అంగుళం కిందుగా ఉన్నాయో లేదో చూసుకోండి.

స్టాండులో వంతు కోసం ఆగినప్పుడు సీట్లోనే ఒరగకుండా దిగి నిలబడండి. అరగంటకోసారి రెండు నిమిషాలు చాలు. పై జవాబులో చెప్పిన బ్రిడ్జి పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చేయండి. కాలు బరువుతో పాటు పాదం లేపలేకపోతే మాత్రం ఆలస్యం చేయొద్దు.

ఆఫీసు కుర్చీవాళ్లకూ ఇదే లెక్క. కుర్చీ గురించి ఆలోచించేవాళ్లు కమోడ్ గురించి ఆలోచించరు. ఫోను పట్టుకుని ఇరవై నిమిషాలు అక్కడే కూర్చుంటే, ఆ గట్టి అంచు తొడ వెనక నరాన్ని నొక్కుతుంది. లేచేసరికి కాలు తిమ్మిరెక్కేది అందుకే. ఫోను బయట పెట్టి వెళ్లండి.

మా అమ్మకు 62 ఏళ్లు, షుగరు ఉంది. నాట్లు, కలుపు పనులకు వెళ్తుంది. పిర్ర నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ వారానికో సూది పిర్రకే వేస్తున్నాడు. రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. పిరిఫార్మిస్ అయి ఉంటుందా?
– ఒక పాఠకుడు, భీమవరం దగ్గరి పల్లె నుంచి

అమ్మగారి విషయంలో ముందు ఆ సూదులు ఆపించండి. ఆ సూదిలో ఏముందో అడిగి రాయించుకోండి. నొప్పి మందు అయితే షుగరు ఉన్నవాళ్ల కిడ్నీల మీద భారం. స్టెరాయిడ్ అయితే షుగరు పెరుగుతుంది. తరచూ వాడితే తుంటి బంతి ఎముకకు రక్తం అందక దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. ఇంకొక సంగతి, పిర్రకు సూది ఎక్కడ పడితే అక్కడ వేయకూడదు. పిర్రను నాలుగు భాగాలుగా అనుకుంటే పైన, బయటి వైపున్న భాగంలోనే వేయాలి. మధ్యకూ కిందికీ వేస్తే సయాటిక్ నరానికే తగలొచ్చు. సూది వేస్తుండగానే కాలు కింది దాకా షాక్ కొట్టినట్టయి, తర్వాత పాదం లేవకపోవడం ఆ గాయం లక్షణం. ఇలాంటి నరం గాయాలు కొన్ని కోలుకోవు.

ఈ వయసులో పిరిఫార్మిస్ మొదట అనుకోవాల్సిన జబ్బు కాదు. నొప్పి గజ్జల్లో కూడా ఉందా, చీలమండను రెండో మోకాలి మీద వేసుకోలేకపోతోందా, గొంతుక్కూర్చోలేకపోతోందా అడగండి. అవునంటే తుంటి కీలు అరుగుదల చూడాలి, ఎక్స్‌రే చాలు. నడిస్తే రెండు కాళ్లూ బరువెక్కి, కూర్చున్నా ముందుకు వంగినా తేలికవుతోందంటే వెన్నులో నరాల దారి ఇరుకైందేమో. ఇది పిరిఫార్మిస్‌కు సరిగ్గా తలకిందులు, అక్కడ కూర్చుంటే పెరుగుతుంది. రెండు అరిపాదాల్లోనూ మంటలు, తిమ్మిరి ఉంటే అది షుగరు వల్ల నరాలకు వచ్చిన ఇబ్బంది కావచ్చు. ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ రిపోర్టు వెంట ఉంచుకోండి. నాట్లు వేసేటప్పుడు గంటకోసారి గట్టు మీదికి వచ్చి, నడుము మీద చేతులు పెట్టి ఐదుసార్లు వెనక్కి వంగమనండి. వెనక్కి వంగితే కాలు లాగుతోందంటే మాత్రం వద్దు, గట్టు మీద కాసేపు కూర్చోమనండి.

డాలస్‌లో ఉంటాం. నాకిప్పుడు 26వ వారం. ఎడమ పిర్రలో పోటు, పక్కమీద తిరగాలంటే కష్టంగా ఉంది. మా అత్తగారు నడుం పట్టీ వేసుకోమంటున్నారు. మందు వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, అమెరికా

పక్కమీద తిరిగేటప్పుడు నొప్పి అంటే పిరిఫార్మిస్ కంటే త్రికాస్థి పక్క కీలు మీద అనుమానం ఎక్కువ. గర్భంలో ఆ కీళ్లు కాస్త వదులవుతాయి. అత్తగారి మాట మంచిదే, కాకపోతే పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల చుట్టూ కిందుగా వేసుకోవాలి. పక్కకు తిరిగి పడుకుని మోకాళ్ల మధ్య, చీలమండల మధ్య దిండు ఉంచుకోండి. తిరిగేటప్పుడు రెండు మోకాళ్లూ కలిపి ఒకేసారి తిప్పండి. ఎక్కువసేపు వెల్లకిలా పడుకునే వ్యాయామాలు ఇప్పుడు వద్దు. కుర్చీలో కూర్చుని చీలమండను రెండో మోకాలి మీద వేసి, వీపు నిటారుగా ఉంచి కొద్దిగా ముందుకు వాలితే చాలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి 20వ వారం దాటాక వేసుకోకూడదు. బిడ్డ కిడ్నీల మీద ప్రభావం పడి ఉమ్మనీరు తగ్గవచ్చు. పారాసెటమాల్ కూడా మీ డాక్టరుని అడిగే వేసుకోండి.

కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేస్తున్నా, 1600 మీటర్ల పరుగు ఉంటుంది. స్ప్రింట్ కొట్టినప్పుడు పిర్ర కింద, తొడ మొదట్లో నొప్పి. సీనియర్లు పిరిఫార్మిస్ అని చెప్పి వంగి కాలివేళ్లు పట్టుకోమంటున్నారు. రోజూ చేస్తున్నా తగ్గట్లేదు.
– ఒక పాఠకుడు, కర్నూలు

తమ్ముడూ, వేలితో చూపించమంటే నువ్వు పిర్ర మడత దగ్గర, కూర్చుంటే నేలకు తగిలే ఎముకనే చూపిస్తావు కదా? అక్కడ అతుక్కునేది పిరిఫార్మిస్ కాదు, తొడ వెనక కండరాలు, హామ్‌స్ట్రింగ్స్. వాటి స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు కట్టే పట్టీ, ఎముకకు అంటుకునే చోట పాడైతే ఇదే తీరు. వేగంగా పరిగెత్తితే నొప్పి, గట్టి బల్ల మీద కూర్చుంటే నొప్పి, కాలు చాపి వంగితే నొప్పి. వంగి వేళ్లు పట్టుకున్న ప్రతిసారీ ఆ స్నాయువు ఎముకకు ఒత్తుకుని నలుగుతుంది. ఆ స్ట్రెచింగ్ ఈ రోజే ఆపు.

స్ప్రింట్లు, ఎత్తు ఎక్కే పరుగులు నాలుగు వారాలు పక్కన పెట్టు. చదునైన నేల మీద నొప్పి పదికి మూడు దాటని వేగంతో పరిగెత్తు. అడుగు పొడవు తగ్గించు. పొడుగు అంగలే ఆ స్నాయువును ఎక్కువ లాగుతాయి. రెండు కాళ్ల బ్రిడ్జిలో 30 సెకన్లు ఆగడం ఐదుసార్లు, నొప్పి లేకుండా వస్తే రెండు వారాల తర్వాత ఒంటికాలి బ్రిడ్జి. ఈ జబ్బు నెమ్మదైనది, మూడు నాలుగు నెలలు పట్టొచ్చు. ఈవెంట్స్ తేదీ దగ్గరుంటే స్పోర్ట్స్ ఫిజియో దగ్గర కూర్చుని లెక్క వేసుకో. పరిగెత్తుతుండగా టప్ మని తెగినట్టయి తొడ వెనక నల్లగా కమిలితే, అది వేరే సంగతి. ఆ వారంలోనే స్కాన్ కావాలి.

ఆరు నెలలు వ్యాయామం చేసినా తగ్గలేదు. ఇంజక్షన్ చేస్తామంటున్నారు. భయంగా ఉంది. సర్జరీ దాకా వెళ్తుందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

ఇది పై ఉత్తరంలోని వారం వారం సూదిలాంటిది కాదు. అల్ట్రాసౌండ్ తెర మీద కండరాన్ని చూస్తూ, సూది మొన ఎక్కడుందో చూస్తూ ఆ చోటును మాత్రమే మొద్దుబార్చే మత్తుమందు, చాలాసార్లు దానితో కొంచెం స్టెరాయిడ్, కండరంలోకి ఇస్తారు. తెర లేకుండా అంచనాతో వేస్తామంటే ఒప్పుకోకండి. ఆ కండరం పెద్ద పిర్ర కండరం కింద లోతుగా ఉంటుంది, పక్కనే నరం. వేసిన గంటలోపు నొప్పి చెప్పుకోదగ్గంత తగ్గితే, కారణం అక్కడే ఉందని కూడా కొంత తేలుతుంది. ఏమీ తగ్గకపోతే నిర్ధారణనే మళ్లీ చూడాలి, ఇంకో సూది కాదు. మందు నరానికి తాకితే కాలు కొన్ని గంటలు మొద్దుబారవచ్చు. తోడు మనిషిని తీసుకెళ్లండి, ఆ రోజు బండి నడపొద్దు. షుగరు ఉంటే కొన్ని రోజులు రీడింగులు పెరుగుతాయి, ముందే చెప్పండి.

బొటాక్స్ సూది కండరాన్ని సుమారు మూడు నెలలు సడలిస్తుంది. ఖరీదైనది, అందరికీ అక్కర్లేదు. నొప్పి తగ్గిన ఆ కాలమంతా పిర్ర బలం పెంచుకోవడానికి వాడుకోకపోతే సూది ప్రభావం దిగగానే మొదటికి వస్తుంది. సర్జరీ దాకా వెళ్లేవాళ్లు చాలా కొద్దిమంది. ఆరు నెలల వ్యాయామం అన్నారు కాబట్టి ఒక్కటి అడుగుతాం. అందులో బలం పెంచే వ్యాయామం ఎంత, సాగదీయడం ఎంత? అంతా సాగదీయడమే అయితే సూదికి ముందు ఎనిమిది వారాలు బ్రిడ్జికీ, పక్కకు కాలు ఎత్తడానికీ ఇవ్వండి.

పూజకు, భోజనానికి కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

నొప్పి రేగి ఉన్న వారాల్లో వద్దు. ఆ భంగిమలో కండరం సాగి ఉంటుంది, దాని మీదే ఒంటి బరువు పడుతుంది. తగ్గుముఖం పట్టాక దుప్పటి నాలుగు మడతలు వేసి, పిర్రలు నాలుగు అంగుళాల ఎత్తున, మోకాళ్లు కిందికి వాలేలా కూర్చోండి. పది నిమిషాలకోసారి పైకాలు మార్చండి. వ్రతం రోజున రెండు గంటలు కూర్చోవాల్సి వస్తే ఎత్తు పీట మేలు. లేచేటప్పుడు ఒక్కసారిగా పక్కకు ఒరిగి లేవకండి. ముందు మోకాళ్ల మీదికి వచ్చి, నొప్పి లేని కాలి పాదం ముందు ఆనించి, తొడ మీద చేయి ఊనుకుని లేవండి.